పేరు పెట్టక ముందే పోయినోళ్ల లెక్క

ఇది జర పెద్ద పోస్ట్. మెస్ లైన్లో నిలబడి చదివితే సగంలో ఆగిపోతరు. రాత్రి తీరికగా చదవండి.

మొన్న డిగ్రీ రెండో సంవత్సరం ప్రాజెక్టు కోసం కుటుంబ వివరాల ఫారం నింపమన్నారు. మా హాస్టల్ రూంలో ఆరుగురం ఉంటాం. నలుగురు గోండులు, ఒక కొలాం, ఒక నాయకపోడు. ఆరుగురం ఇంటర్ దాటి చదువుతున్న మొదటి తరం వాళ్లమే. ఫారంలో 'తోబుట్టువులు ఎందరు' అనే గడి ఉంది. అది నింపడానికి ఎవరినీ అడగాల్సిన పని లేదు కదా. అయినా మాలో ఒకడు ఎందుకో ఇంటికి ఫోన్ చేసి వాళ్ల అవ్వను అడిగాడు. ఆమె అవతలి నుంచి, "బతికున్నోళ్లనా, అందర్నా?" అని అడిగింది.

ఫోన్ స్పీకర్లో ఉంది. అందరం విన్నాం. తర్వాత ఒక్కొక్కరం మా ఇళ్లకు ఫోన్ చేశాం. ఆరుగురు తల్లుల్లో నలుగురు కనీసం ఒక బిడ్డను పోగొట్టుకున్నవాళ్లే. అందులో ఇద్దరి సంగతి మాకు ఆ రోజే తెలిసింది. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా తెలియలేదు. ఎందుకంటే ఆ పిల్లలకు పేరు పెట్టలేదు, ఆధార్ లేదు, ఫోటో లేదు. పుట్టినట్టు కాగితం లేదు, పోయినట్టు కాగితం అంతకన్నా లేదు.

మన చరిత్ర అంటే మనకు జోడేఘాట్ తెలుసు, కొమురం భీం తెలుసు, ఇంద్రవెల్లి 1981 తెలుసు. జల్ జంగల్ జమీన్ తెలుసు. ఈ పసిపిల్లల చావులకు కూడా ఒక చరిత్ర ఉంది. చావులకే కాదు, ఆ చావులు ఎందుకు వస్తున్నాయో ఊళ్లోవాళ్లే కూర్చుని కనిపెట్టి ఆపిన చరిత్ర కూడా ఉంది. అది ఎక్కడో అమెరికాలో జరగలేదు. ప్రాణహిత దాటితే వచ్చే గడ్చిరోలిలో జరిగింది. మనలో చాలామందికి అహేరి దిక్కు, సిరోంచ దిక్కు చుట్టాలున్నారు. పిల్లను ఇచ్చుకుంటాం, తెచ్చుకుంటాం. కానీ ఈ ముచ్చట మాత్రం నది దాటి మన దగ్గరికి రాలేదు. లైబ్రరీలోనూ నెట్‌లోనూ చదివి, మాకు అర్థమైన మేరకు రాస్తున్నాం.

గడ్చిరోలి జిల్లా 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయి ఏర్పడింది. అడవి, గోండులు, మాడియాలు, వానాకాలం వస్తే తెగిపోయే దారులు. అచ్చం మన తిర్యాణి, కెరమెరి లాగనే అనుకోండి. 1986లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ భార్యాభర్తలు అక్కడికి వచ్చి 'సెర్చ్' అనే సంస్థ పెట్టారు. ఇద్దరూ అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ప్రజారోగ్యం చదివి వచ్చారు. అభయ్ బంగ్ చిన్నతనం సేవాగ్రాం ఆశ్రమంలో గడిచింది.

వాళ్లు రాగానే చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? సికిల్ సెల్ మీద పరిశోధన. ఆదివాసీల్లో ఆ జబ్బు ఉందని రక్తపరీక్షలు చేసి నిరూపించారు. మంచి పనే. కానీ ఊరోళ్లు పట్టించుకోలేదు. ఇది మీ డాక్టర్లకు కావాల్సిన ముచ్చట, మా బాధ ఇది కాదు అన్నట్టు ఊరుకున్నారు. ఈ మాట అభయ్ బంగే తర్వాత చాలాసార్లు ఒప్పుకున్నాడు. మనుషుల మీద పరిశోధన చేయడం వేరు, మనుషులతో కలిసి చేయడం వేరు అని అప్పుడు తెలిసిందంటాడు. మాకు ఈ ఘట్టం బాగా నచ్చింది. మన గూడేలకు కూడా ఎంతమంది ఫారాలు పట్టుకుని రాలేదు? రక్తం తీసుకుపోయినోళ్లు ఉన్నారు, ఫోటోలు తీసుకుపోయినోళ్లు ఉన్నారు. ఫలితం చెప్పడానికి మళ్లీ వచ్చినోళ్లు మాత్రం మాకు గుర్తు లేరు.

అందుకని వాళ్లు ఊరోళ్లనే అడగడం మొదలుపెట్టారు. సర్కారు దవాఖానకు ఎందుకు పోరని అడిగితే వచ్చిన జవాబులు చదివి మేము నవ్వుకున్నాం, తర్వాత నవ్వు ఆగిపోయింది. అంత పెద్ద బిల్డింగ్ చూస్తే భయం, లోపల దారి తప్పిపోతాం. డాక్టర్లు, నర్సులు తెల్లబట్టలు వేసుకుంటారు, మేము తెల్లబట్ట కప్పేది పీనుగుకు. మా భాష వాళ్లకు రాదు. రోగిని లోపల పెట్టి మమ్మల్ని బయటికి పంపుతారు. ఇవీ జవాబులు. ఈ మాటలు విన్నాక వాళ్లు కట్టిన ఊరే శోధగ్రామ్. గోండు పల్లె లాగ గుడిసెలు, రోగితో పాటు చుట్టాలు కూడా ఉండే వీలు. దవాఖానకు పేరు ఊరోళ్లు పెట్టిందే, దంతేశ్వరి తల్లి పేరు.

ఇక పిల్లల సంగతి. అభయ్ బంగ్ చెప్పే ఒక సంఘటన ఉంది. ఒక సాయంత్రం ఒక జంట పసిబిడ్డను ఎత్తుకుని ఆయన దగ్గరికి వచ్చింది. ఎముకల గూడు లాంటి బిడ్డ. మంచం మీద పడుకోబెట్టి చూస్తుండగానే కొన్ని నిమిషాల్లో ప్రాణం పోయింది. తర్వాత ఆయన కూర్చుని ఈ చావుకు కారణాలు ఏమిటని రాసుకుంటే 18 వచ్చాయట. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి సరిపోను తిండి లేకపోవడం నుంచి దారిలో అడ్డం వచ్చిన వాగు దాకా. మామూలుగా అయితే 18 కారణాలు చూసి మనిషి చేతులెత్తేస్తాడు. పేదరికం పోవాలి, చదువు రావాలి, రోడ్డు పడాలి, అవన్నీ ఎప్పుడైతాయి? ఆయన వేరే లాగ ఆలోచించాడు. ఇది గొలుసు. గొలుసులో ఏ ఒక్క లింకు తెగినా బిడ్డ బతుకుతుంది. మరి మన చేతికి అందే లింకు ఏది?

దానికి ముందు లెక్క కావాలి. సర్కారు రిజిస్టర్‌లో చాలా చావులు ఉండవు. అందుకని ఊరూరా పుట్టిన ప్రతి బిడ్డనూ, పోయిన ప్రతి బిడ్డనూ రాసే పద్ధతి పెట్టుకున్నారు. బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడి, ఏ రోజు ఏమైంది, ఊపిరి ఎట్లా తీసింది, పాలు ఎప్పటి దాకా తాగింది అని అడిగి కారణం కనుక్కోవడం. దీన్ని మాటల పోస్టుమార్టం అనుకోవచ్చు. అట్లా చూస్తే పసిపిల్లల చావుల్లో పెద్ద భాగం నిమోనియా అని తేలింది.

నిమోనియా అంటే ఎక్స్‌రే, స్టెతస్కోప్, డాక్టర్ అనుకుంటాం. కానీ ఊపిరి లెక్కపెడితే చాలావరకు తెలిసిపోతుంది. రెండు నెలల లోపు పసిగుడ్డు నిమిషానికి 60 సార్లు గాని అంతకన్నా ఎక్కువ గాని ఊపిరి తీస్తే, రెండు నెలలు దాటి ఏడాది లోపు పిల్లలైతే 50 గాని అంతకన్నా ఎక్కువ గాని తీస్తే అనుమానించాలి. ఇక్కడ చిక్కేమిటంటే, ఊళ్లో పురుళ్లు పోసే ముసలి దాయిలకు అంత దాకా లెక్క రాదు. పది, పన్నెండు వరకు వస్తుంది. అప్పుడు వాళ్లు చేసిన పరికరం చూడండి. ఒక చెక్క, దాని మీద ఒక నిమిషం పట్టే ఇసుక గడియారం, పక్కన తీగకు గుచ్చిన పూసలు. పది ఊపిర్లు అయితే ఒక పూస జరపాలి. ముందు ఆకుపచ్చ పూసలు, చివర ఎర్ర పూస. ఇసుక అయిపోకముందే ఎర్ర పూస జరపాల్సి వచ్చిందంటే నిమోనియా, మందు మొదలుపెట్టాలి. అంతే. బడి మొహం చూడని దాయి ఆ చెక్కతో నిమోనియాను పట్టేసింది. ఆమెకు లెక్కలు రాకపోవడాన్ని అడ్డం అనుకోకుండా, ఆమెకు వచ్చిన పది అంకెలతోనే పని జరిగేటట్టు చేశారు చూడండి, అది మాకు గొప్పగా అనిపించింది.

ఆ పని ఫలితం 1990లో 'లాన్సెట్' అనే ప్రపంచ వైద్య పత్రికలో వచ్చింది. దాయిలు, ఆరోగ్య కార్యకర్తలు మందు ఇచ్చిన ఊళ్లలో నిమోనియా వచ్చిన పిల్లల్లో నూటికి ఒక్కరు కూడా పోలేదు, 0.8 శాతం. ఆ సదుపాయం లేని ఊళ్లలో 13.5 శాతం పోయారు. తేడా ఎక్కడుందో చూడండి. రెండు దిక్కులా అదే పేదరికం, అదే అడవి, అవే ఇండ్లు. మందు కూడా ఖరీదైనది కాదు, అప్పట్లో ప్రతి పీహెచ్‌సీలో ఉండే కో-ట్రైమోక్సజోల్.

కానీ ఇంకో లెక్క మిగిలిపోయింది. పోయే పిల్లల్లో ఎక్కువమంది పుట్టిన మొదటి 28 రోజుల్లోనే పోతున్నారు. ఆ రోజుల్లో డాక్టర్లంతా ఒకటే మాట, పసిగుడ్డుకు జబ్బు చేస్తే పెద్దాస్పత్రే గతి, ఇంట్లో చేసేదేమీ లేదు అని. సరే, మరి ఎంతమంది ఆస్పత్రికి పోతున్నారు? 1995-96లో 39 ఊళ్లలో 763 మంది పసిపిల్లలను ఇంటికే వెళ్లి మొదటి నెలంతా గమనించారు. దాదాపు సగం మందికి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు ఏదో ఒకటి వచ్చింది. డాక్టర్ చూసింది 2.6 శాతం మందిని. ఆస్పత్రిలో చేరింది 0.4 శాతం. అంటే వెయ్యి మందిలో నలుగురు. పెద్దాస్పత్రే గతి అనడం, గతి లేదనడం ఒకటే అన్నమాట.

ఎందుకు పోలేదంటే, మన ఇండ్లలో తెలిసిందే కదా. బాలింత గడప దాటొద్దు. పురుడు వెళ్లేదాకా పసిగుడ్డును బయటికి తీయొద్దు. దిష్టి, గాలి. ఇవన్నీ మూఢనమ్మకాలని కాలేజీలో మన క్లాస్‌మేట్స్ తేలిగ్గా అనేస్తారు. మేము అట్లా అనం. బయట చలి, క్రిములు, తెలియని మనుషులు ఉన్నప్పుడు పసిబిడ్డను లోపల ఉంచడంలో ఒక తెలివి ఉంది. కానీ లోపలే జబ్బు వస్తే? వైద్యం లోపలికి రావాలి. సెర్చ్ చేసింది సరిగ్గా అదే.

ఊరికొక ఆడమనిషిని తీసుకున్నారు. ఆ ఊరి మనిషే, ఐదు నుంచి పదో తరగతి మధ్య చదివినామె. పేరు ఆరోగ్యదూత. కాన్పు సమయానికి దాయి పక్కన ఆమె కూడా ఉంటుంది. బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందించే సంచీ, మాస్క్ ఆమె దగ్గరుంటాయి. తర్వాత నెల రోజుల్లో చాలాసార్లు ఇంటికి వస్తుంది. బిడ్డను తూకం వేస్తుంది, ఒంటి వేడి చూస్తుంది, వెచ్చగా ఉంచడానికి చిన్న సంచీ లాంటి పరుపు ఇస్తుంది, వెంటనే చనుబాలు పట్టిస్తుంది, బొడ్డు చూస్తుంది. రక్తంలో చీము పట్టే జబ్బు, డాక్టర్లు సెప్సిస్ అంటారు, దాన్ని గుర్తుపట్టడానికి ఆమెకు ఏడు గుర్తులు నేర్పారు. అంతకుముందు బాగానే ఏడ్చిన బిడ్డ ఏడుపు నీరసించడం లేదా ఆగిపోవడం. పాలు తాగడం తగ్గడం లేదా బంద్ కావడం. ఒళ్లు మెత్తబడి వేలాడిపోవడం. ఒళ్లు చల్లబడ్డదని తల్లి చెప్పడం. కడుపు ఉబ్బడం లేదా మాటిమాటికీ కక్కడం. ఊపిరి 60 దాటడం లేదా ఛాతీ లోపలికి పోవడం. బొడ్డు దగ్గర చీము. వీటిలో రెండు కలిసి కనిపిస్తే సెప్సిస్ అనుకోవాలి. ముందు ఆస్పత్రికి పొమ్మని చెప్తుంది. ఇంటోళ్లు పోలేమంటే, వాళ్లు ఒప్పుకుంటే, జెంటామైసిన్ ఇంజక్షన్ ఆమే వేస్తుంది, ఇంకో మందు నోట్లో పోస్తుంది.

ఏడో తరగతి చదివిన ఆడమనిషి పసిగుడ్డుకు సూది వేయడమా అని డాక్టర్లలో చాలామంది అభ్యంతరం పెట్టారు. అడగాల్సిన ప్రశ్నే, కాదనం. దానికి జవాబు లెక్కలో వచ్చింది. సెప్సిస్ వచ్చిన పిల్లల్లో అంతకుముందు నూటికి 16 మందికి పైగా పోతుండేవారు, ఆరోగ్యదూతలు వైద్యం మొదలుపెట్టాక అది 2.8కి దిగింది. ఆ 39 ఊళ్లలో వెయ్యి కాన్పులకు మొదటి నెలలో పోయే పిల్లలు 62 మంది ఉండేవారు. 1997-98 నాటికి 25కి వచ్చారు. పోల్చి చూడడానికి పెట్టుకున్న పక్క 47 ఊళ్లలో అది 58 దగ్గర మొదలై 60 దగ్గరే ఉండిపోయింది. ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు సుమారు 5 డాలర్లు. 1999 డిసెంబర్‌లో ఇది కూడా లాన్సెట్‌లో వచ్చింది. 1988లో ఆ ప్రాంతంలో ఏడాది లోపు శిశు మరణాలు వెయ్యికి 121 ఉంటే, 2003 నాటికి 30కి వచ్చాయి.

ఇక్కడ మా రూంలో పెద్ద వాదన నడిచింది. ఆ 47 ఊళ్ల సంగతేమిటి అని మాలో ఒకడు పట్టుకున్నాడు. అక్కడ పోయిన పిల్లలు లెక్క కోసం పోయినట్టేనా? అక్కడ మామూలు సర్కారు వైద్యం ఉంది, దాన్ని వీళ్లు ఆపలేదు, పోల్చకపోతే ఢిల్లీలో ఎవరూ నమ్మేవారు కాదు అని ఇంకొకడు. రాత్రి ఒంటి గంట దాకా తెగలేదు. ఇప్పటికీ తెగలేదు. మీలో నర్సింగ్, ఎంబీబీఎస్ చదివే అక్కలు, అన్నలు ఉన్నారు కదా, మీరేమంటారో చెప్పండి. ఇంకో మాట కూడా. పత్రికలో పేర్లు డాక్టర్లవి వచ్చాయి, పద్మశ్రీ 2018లో ఆ ఇద్దరికీ వచ్చింది. రావాల్సిందే. కానీ చలికాలం రాత్రి టార్చిలైటు పట్టుకుని ఇంటింటికీ తిరిగిన ఆరోగ్యదూతల్లో ఒక్క పేరు కూడా మనకు తెలియదు.

గడ్చిరోలి బయట కూడా చావులున్నాయని మహారాష్ట్రలో అందరికీ తెలుసు. 1992లో ఠాణే జిల్లా వావర్-వాంగణిలో, ఆ తర్వాతి ఏడు మేల్‌ఘాట్ కొర్కూల్లో పిల్లలు పోయిన వార్తలు పేపర్లలో వచ్చాయి. పెద్దపెద్ద నాయకులు వెళ్లారు, ఫోటోలు దిగారు, తర్వాత మామూలే. సర్కారు చెప్పే సంఖ్య ఎప్పుడూ చిన్నగా ఉండేది. అందుకని 13 స్వచ్ఛంద సంస్థలు ఒక్కటై, తాము పనిచేసే ఊళ్లలో తామే లెక్కపెట్టాయి. 2001లో వచ్చిన ఆ నివేదిక పేరు 'కోవళీ పానగళ్', అంటే లేత ఆకులు రాలడం. మహారాష్ట్ర మొత్తంలో ఏటా సుమారు 1,75,000 మంది ఐదేళ్లలోపు పిల్లలు పోతున్నారని అది అంచనా వేసింది. గొడవైంది. తర్వాత సర్కారే అభయ్ బంగ్ అధ్యక్షుడిగా పిల్లల మరణాల మీద కమిటీ వేయాల్సి వచ్చింది. లెక్క చేతిలో ఉంటే మాట ఎంత బలంగా ఉంటుందో మాకు అక్కడ తెలిసింది.

ఇప్పుడు ఇంకో దారి గురించి చెప్పాలి. గడ్చిరోలి దారిలో మందు ఉంది, ఇంజక్షన్ ఉంది. ఈ రెండో దారిలో అవేవీ లేవు, మాటలే ఉన్నాయి. ఇది మొదలైంది బొలీవియాలో. దక్షిణ అమెరికా కొండల్లో ఐమారా ఆదివాసీలు ఉండే ఇంకిసివి అనే ప్రాంతంలో 1990-93 మధ్య ఆడవాళ్లు గుంపులుగా కూర్చుని పిల్లలు ఎందుకు పోతున్నారో మాట్లాడుకున్నారు. దాని పేరు వార్మి, అంటే ఆడది. పుట్టుక ముందూ వెనకా పోయే పిల్లలు వెయ్యికి 117 నుంచి 44కి తగ్గారు. అక్కడి నుంచి ఆ పద్ధతి నేపాల్‌లోని మక్వాన్‌పూర్‌కు వచ్చింది, తమాంగులు ఎక్కువగా ఉండే కొండ జిల్లా. అక్కడ నెల లోపు మరణాలు 30 శాతం తగ్గాయని 2004లో తేలింది. అక్కడి నుంచి జార్ఖండ్, ఒడిశాకు. చూడండి, ఈ తెలివి ఒక కొండ మనుషుల దగ్గర నుంచి ఇంకో కొండ మనుషుల దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది.

జార్ఖండ్‌లో చక్రధర్‌పూర్ దగ్గర ఏకజుట్ అనే సంస్థ 2005 నుంచి 2008 దాకా సరాయికేలా ఖర్సావాన్, పశ్చిమ సింగ్భూమ్, ఒడిశాలో కియోంఝర్ జిల్లాల్లో ఈ పని చేసింది. హో, ముండా, సంతాల్ వాళ్లు ఉండే ఊళ్లు. 244 మహిళా గుంపులు. నెలకొక మీటింగ్, మొత్తం 20 మీటింగులు. నడిపేది ఆ ప్రాంతపు ఆడమనిషే. మొదట బొమ్మల కార్డులు పెట్టి, ఏ జబ్బుతో పిల్లలు పోతున్నారో వాళ్లచేతే ఎంచిపించేవారు. తర్వాత ఒక కథ చెప్పేవారు. ఫలానా ఊళ్లో ఒకామెకు బిడ్డ పుట్టి పోయింది. ఎందుకు పోయింది? బొడ్డుకు చీము పట్టింది. చీము ఎందుకు పట్టింది? పాత బ్లేడుతో కోశారు. పాత బ్లేడు ఎందుకు? కొత్తది తెచ్చిపెట్టుకోలేదు. ఎందుకు తేలేదు? ఇట్లా ఎందుకు, ఎందుకు అని పోతూ ఉంటే చివరికి తాము చేయగలిగింది ఒకటి దొరుకుతుంది. ఆ దొరికినదాన్ని ఊరి మొత్తం మీటింగులో, మగవాళ్ల ముందు కూడా పెట్టేవారు. కొన్ని గుంపులు కాన్పు ఖర్చుకు తలా కొంత వేసి డబ్బు పెట్టుకున్నాయి, కొన్ని శుభ్రమైన కాన్పు కిట్లు తయారు చేసుకున్నాయి.

మూడేళ్లలో నెల లోపు పిల్లల మరణాలు 32 శాతం తగ్గాయి. చివరి రెండేళ్లే చూస్తే 45 శాతం. విచిత్రం ఏమిటంటే ఆస్పత్రికి పోయేవాళ్ల సంఖ్య పెద్దగా పెరగలేదు. మారింది ఇంట్లో చేసే పనులు. చేతులు కడుక్కోవడం, బొడ్డు తాడు శుభ్రంగా కోయడం, చనుబాలు మాత్రమే పట్టడం. అందరికన్నా వెనకబడిన ఇళ్లలోనే ఎక్కువ లాభం జరిగిందని తర్వాత చేసిన లెక్కలో తేలింది. మూడో ఏడు వచ్చేసరికి తల్లుల్లో ఒక మోస్తరు మానసిక కుంగుబాటు కూడా సగానికి పైగా తగ్గింది. ఈ చివరి సంగతి ఎక్కడా పెద్దగా రాయరు. బిడ్డ పోయిన తల్లి ఇంకో నలుగురు బిడ్డలు పోయిన తల్లులతో కూర్చుని మాట్లాడితే ఏమైతదో మాకు ఫోన్లు చేసిన ఆ రాత్రి కొంచెం అర్థమైంది. మాలో ఒకరి అవ్వ గంటన్నర మాట్లాడింది. అంతసేపు ఆమె ఫోన్లో మాట్లాడడం అదే మొదటిసారి.

2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మహిళా గుంపుల పద్ధతిని సిఫారసు చేసింది. గడ్చిరోలి పద్ధతి 2011లో ఆశా అక్కల ద్వారా దేశమంతటికీ వచ్చింది. మన గూడెంలో ఆశా అక్క బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి, ఇంటి కాన్పు అయితే మొదటి రోజు కూడా. ఆమె సంచిలో ఉండే స్ప్రింగ్ త్రాసు, థర్మామీటర్ అట్లా వచ్చినవే. అన్ని విజిట్లకూ కలిపి ఆమెకిచ్చే పారితోషికం 250 రూపాయలు అని పెట్టారు. కానీ గడ్చిరోలిలో ఆరోగ్యదూత చేతిలో ఉన్న ఇంజక్షన్ మాత్రం ఆశా అక్క చేతికి రాలేదు. 2014లో పిల్లల మరణాల సమీక్షకు కూడా మార్గదర్శకాలు వచ్చాయి, ప్రతి చావునూ విచారించి కారణం రాయాలి. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఐదేళ్లలోపు మరణాలు వెయ్యికి 42 దగ్గర ఉంటే, మన ఎస్టీల్లో 50. చెప్పొచ్చేదేమిటంటే, ఊరోళ్లు చేయగలరు కాబట్టి దవాఖాన అక్కరలేదని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వాగు మీద వంతెన మహిళా గుంపు కట్టలేదు. డోలీలో గర్భిణిని మోసుకుపోయే ఫోటోలు ఏటా వానాకాలం పేపర్లో వస్తూనే ఉన్నాయి. 250 రూపాయలకు ఒక పేద ఆడమనిషి మీద మొత్తం భారం వేసి, చావులు తగ్గలేదని ఆమెనే తిట్టే మీటింగులు మేము చూశాం.

మా అవ్వల ముచ్చట్లలో ఒకటి చెప్పి ఆపేస్తాం. పేరు, ఊరు చెప్పం. అప్పటికి పదిహేనేళ్ల కింద, చలికాలం. ఆడబిడ్డ. ఇంట్లోనే కాన్పు. నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదో రోజు పాలు తాగుడు బంద్ చేసింది. ఒళ్లు సల్లబడ్డది అని ఆమె అత్తకు చెప్పింది. ఏడుపు పిల్లి కూన లెక్క అయిందంట. గాలి సోకిందన్నారు, దేవారి వచ్చి చూసి పోయాడు. తెల్లారి ఎడ్లబండి కట్టుకుని దవాఖానకు పోతే తాళం వేసి ఉంది. అక్కడి నుంచి పెద్ద ఊరికి పోయే బస్సు కోసం చూస్తుండగా అయిపోయింది. ఇంతకాలం ఆమె, తాను కాన్పైన మూడో రోజు బయట బావి దగ్గరికి పోయినందుకే గాలి తగిలి బిడ్డ పోయిందని అనుకుంటోంది. అత్తగారింట్లో కూడా అట్లానే అన్నారట.

మేము ఫోన్ పెట్టేసి ఆ ఏడు గుర్తులు మళ్లీ చదివాం. పాలు బంద్, ఒళ్లు చల్లబడడం, ఏడుపు నీరసం. రెండు చాలు, ఆ బిడ్డకు మూడు ఉన్నాయి. మరుసటి రోజు మళ్లీ ఫోన్ చేసి, అవ్వా, అది గాలి కాదు, నువ్వు బావికి పోవుడు వల్ల కాదు, దానికి సూదిమందు ఉంటుండె అని చెప్పాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి ఈ ముచ్చట అప్పుడు ఎవ్వరు చెప్పకపాయె గద బిడ్డా" అంది.

వచ్చే దండారి సెలవుల్లో మేము ఆరుగురం మా ఆరు గూడేల్లో తల్లులను అడుగుదామనుకుంటున్నాం. ముందు పటేల్‌ను, ఆశా అక్కను అడిగి, వాళ్లు సరే అంటేనే. మగపిల్లలం కాబట్టి ఒక్కళ్లం పోకుండా ఇంట్లో అక్కనో వదిననో వెంట తీసుకుపోతాం, వాళ్లే అడుగుతారు, మేము రాస్తాం. పేర్లు ఎక్కడా బయట పెట్టం. చెప్పడం ఇష్టం లేనివాళ్లను రెండోసారి అడగం. బిడ్డ ఏ నెలలో పుట్టింది, ఎన్ని రోజులుంది, మొదట ఏమైంది, ఎక్కడికి తీసుకుపోయారు, ఎవరు ఏమన్నారు, అంతే ప్రశ్నలు. కారణం మేము తేల్చం, మాకు రాదు. రాసినవి తెలిసిన డాక్టర్ అన్నకు చూపిస్తాం, ఏమి తేలిందో మళ్లీ అదే గూడెంలో కూర్చుని చెప్తాం. కలిసి రావాలనుకునే వాళ్లు, ముఖ్యంగా చెల్లెళ్లు, అక్కలు, మీ మండలం పేరు రాయండి.

పొడుగు నోటుబుక్ ఒకటి 60 రూపాయలకు కొన్నాం. మొదటి పేజీలో ఆ ఫోన్లో విన్నదే రాశాం: ఆడబిడ్డ, చలికాలం, ఐదో రోజు పాలు బంద్, ఆరో రోజు పొద్దున బస్టాండ్ దగ్గర.